వరద తీసిన తర్వాత ఇంటింటికీ తాగునీళ్లు: తిరుపతి, చిత్తూరు ఊళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

2021 నవంబరు మూడో వారంలో స్వర్ణముఖి పొంగి తిరుపతి చుట్టుపక్కల కాలనీల్లోకి వచ్చినప్పుడు మా వీధి కుర్రాళ్లతో కలిసి నేనూ నీళ్లు పంచడానికి వెళ్లాను. నడుములోతు నీళ్లు తీసేసి, ఇళ్లనిండా బురద మిగిలిన రోజు అది. ట్యాంకరు వచ్చింది. జనం చేతికి ఏది దొరికితే అది తెచ్చి పట్టుకున్నారు. ఖాళీ రంగు డబ్బాలు, వరదలో తేలిన బిందెలు, బట్టలు నానబెట్టే తొట్లు. ట్యాంకరు ఖాళీ కాగానే పని అయిపోయిందనుకుని ఇళ్లకు వచ్చేశాం. నాలుగో రోజుకు అదే వీధిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ట్యాంకరులో వచ్చిన నీళ్లు మంచివే. పట్టిన బిందె మంచిది కాదు, అందులో ముంచిన చెంబు మంచిది కాదు, చెంబు పట్టిన చేతికి సబ్బు లేదు.

అప్పటినుంచి నేను నీళ్లను ట్యాంకరు దగ్గర లెక్కపెట్టడం మానేశాను. పిల్లవాడి గ్లాసులోకి వచ్చేదాకా వాటి వెంట నడవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ నడకే. వీధిలో పదిమందిని కూడగట్టగలిగిన వాళ్లు, పంచాయతీ వార్డు సభ్యులు, స్వయం సహాయక సంఘాల అక్కలు, కాలేజీ పిల్లలు దీన్ని దగ్గర పెట్టుకుని పని చేసుకోవచ్చు.

మొదటి పని: తలలు లెక్కపెట్టండి

సాయం మొదలుపెట్టే ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని వీధి తిరగండి. ఎన్ని ఇళ్లు, ఎంతమంది మనుషులు, పాలు తాగే బిడ్డలెందరు, గర్భిణులెందరు, మంచం దిగలేని ముసలివాళ్లెందరు అన్నది రాసుకోండి. దీనికి గంట కన్నా ఎక్కువ పట్టదు.

విపత్తుల్లో సాయం చేసేవాళ్లు ప్రపంచమంతా పాటించే కొలత మనిషికి రోజుకు 15 లీటర్లు. తాగడం, వంట, ఒళ్లు కడుక్కోవడం అన్నీ కలిపి ఇది. మొదటి రెండు మూడు రోజులు అంత దొరక్కపోతే మనిషికి ఏడున్నర లీటర్లకు తగ్గకుండా చూడండి. 50 ఇళ్ల వీధిలో ఇంటికి ఐదుగురు చొప్పున 250 మంది ఉన్నారనుకుందాం. రోజుకు 3,750 లీటర్లు కావాలి. అంటే మన ఊళ్లలో తిరిగే ఐదు వేల లీటర్ల ట్యాంకరు రోజుకొకటి సరిపోతుంది. ఈ లెక్క చేతిలో ఉంటే అధికారులను అడిగేటప్పుడు "ఇంకొంచెం నీళ్లు పంపండి సార్" అని బతిమాలే అవసరం ఉండదు. "మా వీధికి రోజుకొక ట్యాంకరు, పొద్దున ఏడింటికి" అని అడగొచ్చు.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. ట్యాంకరు ఎప్పుడూ రోడ్డు బాగున్న చోటే ఆగుతుంది. ఊరి చివర ఎస్సీ కాలనీకి, వంక గట్టున ఉన్న యానాదుల గుడిసెలకు అది చేరేసరికి అడుగున నీళ్లు కూడా ఉండవు. వరద ముందుగా ముంచేది ఆ ఇళ్లనే. మీ లెక్కలో ఆ ఇళ్లు మొదటి పేజీలో ఉండాలి, పంపిణీ కూడా అక్కడినుంచే మొదలు కావాలి.

రెండో పని: ఏ నీళ్లు తీసుకోవాలో తేల్చుకోండి

అన్ని నీళ్లనూ శుద్ధి చేయలేం. పెట్రోలు, డీజిల్ వాసన వస్తున్న నీళ్లు, నూనె తెట్టు రంగురంగులుగా తేలుతున్న నీళ్లు, పురుగుమందు కొట్టిన పొలాల మీదుగా పారి వచ్చిన నీళ్లు, ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చిన నీళ్లు వదిలేయండి. మరిగించినా, క్లోరిన్ వేసినా ఆ విషాలు పోవు.

వాన ఇంకా పడుతుంటే అంతకు మించిన వనరు లేదు. మిద్దె మీద పడే మొదటి పది పదిహేను నిమిషాల వాన నీటిని పోనిచ్చి, ఆ తర్వాతది గొట్టం కింద పట్టండి. లేదా ఉతికిన పంచెనో, కొత్త ప్లాస్టిక్ పట్టనో నాలుగు కర్రలకు కట్టి మధ్యలో బరువు వేసి కింద పాత్ర పెట్టండి. ఈ నీళ్లనూ మరిగించిగానీ, క్లోరిన్ వేసిగానీ తాగాలి. అయినా బురద ఉండదు కాబట్టి పని సగం తగ్గినట్టే.

తర్వాత చూడాల్సింది, మూతి వరదలో మునగని బోరు. కేసింగు పైపు నేలకు రెండడుగుల ఎత్తున ఉండి, వరద దాన్ని తాకకపోతే ఆ నీళ్లు చాలావరకు నమ్మొచ్చు. నీరు తాకిందా లేదా అని గోడ మీది బురద గీత చూసి తెలుసుకోవచ్చు. ఆ గీత బోరు మూతికి పైన ఉంటే బోరు మునిగినట్టే.

ఇక కుళాయి నీళ్లు. తిరుపతికి వచ్చేవి ప్రధానంగా కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు. శుద్ధి కేంద్రం నుంచి అవి బాగానే బయలుదేరతాయి. దారిలో పైపు పగిలితేనో, పైపు పక్కన డ్రైనేజీ పొంగితేనో తంటా. దీనికి తోడు మనం చేసే పెద్ద తప్పొకటి ఉంది. నీళ్లు సన్నగా వస్తున్నాయని కుళాయి పైపుకు నేరుగా మోటారు పెట్టి లాగుతాం. మోటారు లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి బయటి మురుగు లోపలికి వస్తుంది. అది మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికీ పోతుంది. వరద వచ్చిన తర్వాత కనీసం ఒక నెల ఎవరూ అలా మోటారు పెట్టకుండా వీధిలో కట్టడి చేసుకోండి. కుళాయి తిరిగి వచ్చిన మొదటి రోజు నీళ్లు తేటగా అయ్యేదాకా వదిలేసి, తర్వాత పట్టి శుద్ధి చేసుకోండి.

ఇంట్లో ఆర్వో ఫిల్టరు వరదలో మునిగి ఉంటే క్యాండిళ్లు, పొర మార్చేదాకా దాన్ని వాడకండి. మునిగిన వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెచ్చుకోవడమూ అలాంటిదే.

మూడో పని: బురద నీళ్లను తేర్చండి

బురద ఉన్న నీళ్లలో క్లోరిన్ వేస్తే అది మట్టితోనే సరిపోతుంది, క్రిముల దాకా పోదు. అందుకే ముందు తేర్చాలి. సమయం ఉంటే రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పై నీటిని వేరే పాత్రలోకి వంచుకోండి.

అంత సమయం లేనప్పుడు పటిక ఉంది. పటిక గడ్డను బిందె నీళ్లలో ఒక నిమిషం గబగబా తిప్పి తీసేసి, తర్వాత గరిటెతో ఐదు నిమిషాలు మెల్లగా కలపండి. మట్టి దూదిపింజల్లా ముద్ద కట్టి గంట, రెండు గంటల్లో అడుక్కి దిగుతుంది. నీళ్లు వగరుగా ఉంటే పటిక ఎక్కువైందని అర్థం. మా అవ్వ కాలంలో చిల్లగింజను బిందె లోపలి గోడకు అరగదీసేవాళ్లు. మునగ గింజల పొడితోనూ నీళ్లు తేరుకుంటాయి. అయితే మునగ గింజలు వేసిన నీళ్లను నిలవ పెడితే చెడిపోతాయి, ఆ రోజుకారోజు వాడేసుకోవాలి.

తేరిన నీటిని పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడకట్టండి. కొత్త చీర కన్నా నలిగిన పాత చీర మేలు, దారాలు విచ్చుకుని సందులు చిన్నవవుతాయి. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా మడత చీరతో వడకట్టుకున్న ఇళ్లలో కలరా దాదాపు సగానికి తగ్గిందని 2003లో వచ్చిన అధ్యయనం చెప్పింది. వడకట్టాక ఆ గుడ్డను ఉతికి ఎండలో ఆరేయండి.

గాజు గ్లాసులో నీళ్లు పోసి వెనక దినపత్రిక పెట్టండి. అక్షరాలు చదవగలిగితే తర్వాతి పనికి వెళ్లొచ్చు. నీళ్లు తేటగా కనబడగానే తాగేయడం దగ్గరే చాలామంది పొరపడతారు. తేర్చడంతో మట్టి పోతుంది, క్రిములు అలాగే ఉంటాయి.

నాలుగో పని: పసిపిల్లల నీళ్లు మరిగించండి

మరిగించడానికి మించిన శుద్ధి ఇంట్లో లేదు. నీళ్లు అంచుల్లో బుడగలు వేయడం చాలదు. మొత్తం తెర్లుతూ ఒక నిమిషం మరగాలి. రెండు వేల మీటర్ల ఎత్తు దాటిన కొండ ఊళ్లలో మూడు నిమిషాలు మరిగించమంటారు. హార్స్‌లీ కొండ మీద కూడా మనకు ఒక నిమిషం చాలు. మరిగిన పాత్రలోనే మూత పెట్టి చల్లార్చండి. త్వరగా చల్లారాలని అందులో పచ్చి నీళ్లు కలిపితే చేసిన పనంతా వృథా.

వరద తర్వాత కట్టెలు తడిసి ఉంటాయి, గ్యాసు బండ ఎన్నాళ్లొస్తుందో తెలియదు. కాబట్టి మరిగించిన నీళ్లు ముందు ఐదేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు, జబ్బున పడ్డవాళ్లకు ఇవ్వండి. క్లోరిన్‌కు లొంగని క్రిములు కొన్ని ఉన్నాయి, మరిగిస్తే అవీ చస్తాయి. ఆరు నెలల్లోపు బిడ్డకు తల్లిపాలే పట్టాలి, నీళ్లు అసలు పట్టకూడదు. తల్లి భయపడి పాలు మాన్పించి డబ్బాపాలకు మారితే ఆ డబ్బాపాలు కలపడానికి మళ్లీ ఈ నీళ్లే కావాలి. ఆ తల్లికి కడుపునిండా తిండి, నీళ్లు అందేలా చూడడమే బిడ్డకు చేసే సాయం.

తేట సీసాల్లో నీళ్లు పోసి ఆరు గంటలు ఎండలో పెట్టే పద్ధతి ఒకటుంది. మబ్బు పడితే రెండు రోజులు పెట్టాలి. తుపాను మబ్బుల్లో దాని మీద ఆధారపడొద్దు.

ఐదో పని: క్లోరిన్ కొలత

వీధి మొత్తానికి తక్కువ ఖర్చుతో పనికొచ్చేది బ్లీచింగ్ పౌడరు. దీన్ని కొలత లేకుండా పిడికిలితో వేయడమే మన దగ్గర జరిగే తప్పు. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే వాసనకు ఎవరూ తాగరు, పోయి చెరువు నీళ్లు తాగుతారు.

మంచి సరుకులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మూట విప్పి తేమ తగిలిందంటే బలం తగ్గిపోతూ వస్తుంది. గడ్డలు కట్టి, ఘాటు వాసన లేని పొడి పనికిరాదు. కాలవల పక్కన చల్లడానికి సున్నం కలిపి ఉంచిన పొడిని తాగునీళ్లకు తేవద్దు.

ముందు తల్లి ద్రావణం చేసుకోవాలి. ఒక లీటరు నీటికి కొత్త పొడి అయితే 30 గ్రాములు, కాస్త పాతదైతే 40 గ్రాములు. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకుని, ఆరుబయట, ప్లాస్టిక్ మగ్గులో కొద్ది నీళ్లతో పొడిని ముద్దగా కలిపి, మిగతా నీళ్లు పోసి బాగా కలియబెట్టండి. అరగంట కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి దిగుతుంది. పైన ఉన్న తేట నీటిని వంచుకుని ముదురు రంగు ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగించండి. అదే ఒక శాతం క్లోరిన్ ద్రావణం. ఇత్తడి, రాగి, అల్యూమినియం గిన్నెల్లో దీన్ని కలపొద్దు, లోహాన్ని తినేస్తుంది. సీసా మీద "మందు నీళ్లు, తాగరాదు" అని రాసి, తేదీ వేసి, పిల్లలకు అందని చోట, ఎండ తగలకుండా పెట్టండి. వారం దాటితే పారబోసి కొత్తది చేసుకోవాలి.

ఇక మోతాదు. 20 లీటర్ల తేట నీటికి ఒక టీస్పూను, అంటే ఐదు మిల్లీలీటర్ల ద్రావణం. తేర్చినా ఇంకా కొంచెం మసగ్గా ఉంటే రెండు టీస్పూన్లు. కలిపి, మూత పెట్టి అరగంట ఆగండి. ఆ తర్వాత మూత తీసి వాసన చూస్తే క్లోరిన్ ఘాటు సన్నగా తగలాలి. తగలకపోతే అంతే మోతాదు మళ్లీ వేసి మరో అరగంట ఆగండి. అప్పటికీ తగలకపోతే ఆ నీళ్లలో మురికి మరీ ఎక్కువని తెలుసుకుని పారబోయండి.

బిందె ఎన్ని లీటర్లో ఎవరికీ తెలియదు. ఒక్కో ఇంటి బిందె ఒక్కో సైజు. లీటరు సీసాతో ఒకసారి కొలిచి, ఆ బిందెకు ఎన్ని టీస్పూన్లు పడుతుందో మూత మీద మార్కరుతో రాసేయండి. మా వీధిలో ఈ ఒక్క పనితో గందరగోళం చాలా తగ్గింది.

"ఈ మందు వాసన నా వల్ల కాదు నాయనా" అని ఒక అవ్వ ఎంత చెప్పినా వినలేదు. ఆమె మాటను కొట్టిపారేయకూడదు. అరగంట గడిచాక, తాగబోయే ముందు కడిగిన రెండు పాత్రల మధ్య నాలుగైదు సార్లు ఎత్తి పోస్తే వాసన తగ్గుతుంది. అవ్వ కళ్లెదుటే అలా తిరగపోసి, ముందు నేను తాగి ఆమెకిచ్చాను. తర్వాత ఆమే పక్కింటి వాళ్లకు చెప్పింది.

క్లోరిన్ బిళ్లలు దొరికితే పని ఇంకా తేలిక. అట్ట మీద ఎన్ని లీటర్లకు ఒక బిళ్ల అని రాసి ఉంటుందో అన్ని లీటర్లకే వేయాలి. ఒక్కో కంపెనీ బిళ్ల ఒక్కో బలం. పంచేటప్పుడు "ఇది మింగే మాత్ర కాదు" అని ప్రతి ఇంట్లోనూ నోటితో చెప్పండి, చదువురాని వాళ్లు జ్వరం మాత్ర అనుకునే ప్రమాదం ఉంది. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తోగానీ, మరుగుదొడ్డి కడిగే ద్రావణాలతోగానీ ఎప్పుడూ కలపొద్దు. వచ్చే వాయువు ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

చిత్తూరు పడమటి మండలాల్లో కొన్ని లోతు బోర్లలో ఫ్లోరైడు ఉంది. క్లోరిన్ దాన్ని తీయదు, మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది. అలాంటి బోరును వరద రోజుల్లో గత్యంతరం లేనప్పుడు కొద్ది రోజులు వాడుకున్నా, దాన్నే శాశ్వతం చేసుకోవద్దు.

ఆరో పని: బిందె, చెంబు, చేయి

వరదలో తేలిన పాత్రలన్నీ సబ్బుతో తోమి కడగాలి. ఆ తర్వాత లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల తల్లి ద్రావణం కలిపిన నీళ్లను ప్లాస్టిక్ పాత్ర లోపలంతా తగిలేలా తిప్పి, అరగంట ఉంచి, మంచి నీళ్లతో కడిగేయాలి. స్టీలు, ఇత్తడి పాత్రలకైతే మరిగే నీళ్లు పోసి తిప్పడం మేలు. రంగు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా తాగునీటికి పనికిరావు.

ఇంటికి రెండు పాత్రలుండాలి. ఒకటి నీళ్లు తెచ్చుకోవడానికి, ఒకటి శుద్ధి చేసినవి నిలవ ఉంచడానికి. రెండోది సన్నమూతి క్యాను అయితే చేయి లోపలికి పోదు. కుళాయి బిగించిన డ్రమ్ము అయితే మరీ మంచిది. ఏదీ లేక బిందే గతి అయితే పొడవు కాడ ఉన్న గరిటె ఒకటి గోడకు మేకు కొట్టి తగిలించి, నీళ్లు ముంచడానికి దాన్నే వాడండి. ఆ గరిటెను నేల మీద పెట్టొద్దు.

దాతలు ఎప్పుడూ వాటర్ బాటిళ్లు, దుప్పట్లు తెస్తారు. మీరు అడిగి తెప్పించుకోవాల్సింది మూత ఉన్న 20 లీటర్ల క్యాన్లు, సబ్బు బిళ్లలు. పాయఖానాకు వెళ్లొచ్చాక, బిడ్డ మలం ఎత్తాక, వంటకు ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడుక్కోకపోతే పైన చెప్పిన క్లోరిన్ అంతా గంగపాలే.

ఏడో పని: బావి, బోరు, సంపు

ఇది తొందరపడి చేసే పని కాదు. చుట్టూ వరద నీళ్లు తగ్గిపోయి, నేల కొంచెం ఆరాకే మొదలుపెట్టండి. నేల నీళ్లు తాగి ఉబ్బి ఉన్నప్పుడు బావిని పూర్తిగా తోడేస్తే బయటి నీటి ఒత్తిడికి గోడలు కూలతాయి. 2021 వరదల తర్వాత తిరుపతిలో ఒక ఇంట్లో భూమిలోపల సిమెంటు ఒరలతో కట్టిన సంపు, లోపల మహిళ దిగి శుభ్రం చేస్తుండగా నేలను చీల్చుకుని పైకి లేచింది. ఆమె ప్రాణాలతో బయటపడింది. ఊరంతా వింతగా చూడడానికి వచ్చింది. ఖాళీ బిందెను నీళ్లలో ముంచితే ఎలా పైకి తోస్తుందో, ఖాళీ అయిన సంపును కింది నీరు అలాగే తోసింది. కాబట్టి వాన తెరిపిచ్చిన వారం రోజుల్లో సంపులు పూర్తిగా ఖాళీ చేయకండి, లోపలికి దిగకండి.

బావి విషయంలో అంతకన్నా పెద్ద ప్రమాదం ఉంది. నీళ్లు లోతుగా ఉన్నాయని డీజిల్ ఇంజన్నో, పెట్రోలు ఇంజన్నో బావిలోకి దించి నడపొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. దిగినవాడు పడిపోతాడు, వాణ్ని లాగడానికి దిగినవాడూ పడిపోతాడు. దీపం దించి చూస్తే ఈ వాయువు సంగతి తెలియదు. ఇంజను గట్టు మీదే ఉండాలి. మునిగిన మోటారు స్టార్టరు ముట్టుకునే ముందు మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

బావిలో ఎన్ని నీళ్లున్నాయో తెలుసుకోవడానికి అడుగుల లెక్క ఇది. బావి అడ్డుకొలతను అదే అడ్డుకొలతతో గుణించి, దాన్ని నీటి లోతుతో గుణించి, మళ్లీ 22తో గుణించండి. వచ్చేవి లీటర్లు. ఆరడుగుల అడ్డం, పది అడుగుల నీళ్లు ఉన్న చేదబావిలో 7,920, అంటే దాదాపు ఎనిమిది వేల లీటర్లు. చెత్త, బురద తీసి, తోడగలిగినంత తోడి, ఊట మళ్లీ వచ్చాక తేటబడ్డ నీటికి వెయ్యి లీటర్లకు 150 గ్రాముల మంచి పౌడరు లెక్కన వేయాలి. ఈ బావికి 1,200 గ్రాములు పడుతుంది. పొడి నేరుగా పోయకుండా బకెట్లో కలిపి, సున్నం దిగాక పై నీటిని బావిలో పోసి, చేద బకెట్టును నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడించి కలపండి. ఒక రోజు ఎవరూ తోడకుండా మనిషిని కాపలా పెట్టండి. మర్నాడు ఘాటు వాసన పోయేదాకా తోడి పారబోయాలి, ఆ నీళ్లను చేపలున్న చెరువులోకి వదలొద్దు. ఆ తర్వాత రోజువారీ మోతాదు మామూలుగా వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, వరద తర్వాతి నెలలో దానికి రెట్టింపు. పై బావికి రోజూ సాయంత్రం 40 గ్రాములు వేసి, పొద్దున తోడుకోవచ్చు.

మునిగిన బోరుకు, బోరింగుకు ఇదే పద్ధతి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు ఆరున్నర లీటర్ల నీళ్లుంటాయి. గుర్తుపెట్టుకోవడం తేలిక. వంద అడుగుల నీళ్లకు 650 లీటర్లు, సుమారు 100 గ్రాముల పౌడరు. మన దగ్గర వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్త కాదు కాబట్టి నీళ్లు ఏ లోతు నుంచి ఉన్నాయో బోరు వేయించిన వాళ్లను అడిగి లెక్క కట్టండి. ద్రావణం పోసి, కుళాయిలో క్లోరిన్ వాసన వచ్చేదాకా మోటారు ఆడించి ఆపి, ఒక రోజు వదిలి, వాసన పోయేదాకా తోడేయండి. మిద్దె మీది ట్యాంకుకు కూడా కడిగాక వెయ్యి లీటర్లకు 150 గ్రాముల కొలతే.

ట్యాంకరు వచ్చినప్పుడు

ముందు డ్రైవరన్నను అడగాల్సింది, నిన్న దీనిలో ఏం పోశారని. మురుగు తోడిన ట్యాంకరైతే వెనక్కి పంపేయండి. నీళ్లు ఎక్కడ నింపారో అడగండి. ఐదు వేల లీటర్లకు 30 గ్రాముల కొత్త పౌడరు, కలిపి తేర్చిన ద్రావణంగా, నింపేటప్పుడే పోస్తే దారి కుదుపులకు అదే కలిసిపోతుంది, మీ వీధికి చేరేసరికి అరగంట కూడా గడుస్తుంది. రోడ్డు మీద ఈడ్చుకొచ్చిన పైపు కొసను బిందెలో పెట్టకండి, కడిగి ఎత్తి పట్టుకోండి.

ఒక కుళాయికి 250 మంది, ఒక బోరింగుకు 500 మంది దాటితే తోపులాట తప్పదు. ఎవరూ అరగంటకు మించి నిలబడకుండా చూడాలి. రోజూ ఒకే వేళకు, ఒకే చోటికి వచ్చేలా మాట్లాడుకుని, ఆ వేళను గుడి మైకులోనూ మసీదు మైకులోనూ చెప్పించండి. చీకట్లో నీళ్లు పంచితే ఆడపిల్లలు రాలేరు. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకు ఇద్దరు కుర్రాళ్లను ముందే కేటాయించి, వాళ్ల క్యాన్లు మొదట నింపించండి.

పరీక్ష, జబ్బు వస్తే చేయాల్సింది

పంచాయతీ దగ్గర, గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గర క్లోరోస్కోపు, అంటే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను కొలిచే సాధనం ఉంటుంది. గొట్టంలో నీళ్లు పోసి చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, పక్కనున్న రంగులతో పోల్చుకోవాలి. అరగంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండడం వరద రోజుల్లో మంచి గురి. 0.2కు తగ్గకూడదు. బ్యాక్టీరియాకు ఇంకో చిన్న సీసా పరీక్ష ఉంది. నీళ్లు పోసి వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచితే, కలుషితమైన నీళ్లు నల్లగా మారతాయి. నా సలహా, ట్యాంకరు నీళ్లతో పాటు రోజూ నాలుగైదు ఇళ్ల బిందెల నీళ్లు కూడా పరీక్షించండి. తేడా అక్కడే బయటపడుతుంది.

ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైతే అదే రోజు ఆశా అక్కకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చెప్పండి. ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు శుద్ధి చేసిన నీళ్లలో కలిపి, కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి వేయాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పిల్లలకు జింకు మాత్రలు 14 రోజులు ఇవ్వాలి, విరేచనాలు ఆగాయని మధ్యలో ఆపొద్దు. కళ్లు లోపలికి పోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, మగతగా పడి ఉండడం, బియ్యం కడిగిన నీళ్లలా విరేచనం పోవడం చూస్తే వెంటనే 108కి ఫోను చేయండి. దారిలోనూ ఓఆర్ఎస్ పట్టిస్తూనే తీసుకెళ్లండి.

అక్టోబరుకు ముందే సర్దుకోవాల్సినవి

మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి. 2021 వరద నవంబరులో వచ్చింది, 2023లో మిచాంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన జిల్లానూ ముంచెత్తింది. వినాయక చవితి చందాల్లోంచి కొంత పక్కన పెట్టినా వీధికి సరిపడా సరుకు వస్తుంది. మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో రెండు కిలోల బ్లీచింగ్ పౌడరు, చిన్న తూకం, ప్లాస్టిక్ మగ్గులు, ఐదు మిల్లీలీటర్ల కొలత చెంచాలు, క్లోరోస్కోపు, పటిక గడ్డలు, ఓఆర్ఎస్ పొట్లాలు, ఇరవై ఖాళీ క్యాన్లు, మార్కరు పెన్ను. వీటిని మిద్దె ఉన్న ఇంట్లో, వరద అందని ఎత్తున పెట్టండి. తాళం చెవి ఎవరి దగ్గరుందో ఇద్దరికి తెలియాలి. పౌడరు డబ్బా మీద కొన్న తేదీ రాయండి. ఆరు నెలలు దాటితే దాన్ని కాలవలకు చల్లేసి, వానలకు ముందు కొత్తది తెచ్చి పెట్టుకోండి.